ఆ బ్యాండ్ నిజంగా మన ఎంజైమ్‌దేనా?

పోయిన నెల ఈ శీర్షికలో చక్కెరని మన కణాలు ఎలా వాడుకుంటాయో చెబుతూ హెక్సోకైనేజ్ 2 అనే ఎంజైమ్ గురించి, దాన్ని ల్యాబ్‌లో పట్టుకోడానికి వాడే యాంటీబాడీ (ఒక ఫలానా ప్రొటీన్‌ని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) గురించి నాలుగు మాటలు రాశాను. ఆ నాలుగు మాటలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు రాశారు, ఆ పిల్లల తల్లులు రాశారు, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లూ రాశారు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి కొన్నిటికే జవాబులు ఇస్తున్నాను. ముందుగా ఒక మాట: ప్రొటీన్లని జెల్‌లో బరువును బట్టి విడదీసి, పొర మీదికి దించి, యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్షే వెస్టర్న్ బ్లాట్. అందులో ఒక్కో శాంపిల్ నడిచే దారి లేన్, ప్రొటీన్ దొరికిన చోట పడే గీత బ్యాండ్, దాని బరువు కొలత కిలోడాల్టన్.

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో పీహెచ్‌డీ రెండో ఏడు. మీ చెల్లెలిని అనుకుని చెప్పండి. కాలేయ క్యాన్సర్ కణాల్లో హెక్సోకైనేజ్ 2 పెరుగుతుందా అని చూస్తున్నాను. కొత్త యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ చేస్తే 102 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ చక్కగా వస్తోంది, కానీ పక్కన పెట్టిన ఎలుక మెదడు శాంపిల్‌లో కూడా అంతే గట్టిగా వస్తోంది. మెదడు లేన్‌లోనే 50 దగ్గర ఇంకో బ్యాండ్ సన్నగా ఉంది. మా సీనియర్ "సైజు సరిపోయింది కదా, ముందుకెళ్లు" అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వెళ్లనా?

జవాబు: వెళ్లొద్దు తల్లీ, ఆగు. నీకు అనుమానం రావడమే మంచిదైంది.

ముందు ఈ ఎంజైమ్‌ల కుటుంబం సంగతి చూద్దాం. మన ఒంట్లో బాగా తెలిసిన హెక్సోకైనేజ్‌లు నాలుగు. ఒకటి, రెండు, మూడు రకాలు దాదాపు ఒకే బరువు, 100 కిలోడాల్టన్ల చుట్టుపక్కల ఉంటాయి. నాలుగోదాన్ని గ్లూకోకైనేజ్ అంటాం, బరువు వాటిలో సగం, ముఖ్యంగా కాలేయంలోనూ క్లోమంలోని బీటా కణాల్లోనూ ఉంటుంది. మనిషిలో ఒకటో రకం, రెండో రకం రెండూ 917 అమైనో ఆమ్లాల పొడవే. ఎప్పుడో పూర్వం ఒక చిన్న ఎంజైమ్ జన్యువు రెండింతలై, ఒకదాని తోక ఇంకోదాని తలకి అతుక్కుని ఈ పెద్ద ఎంజైమ్‌లు పుట్టాయని శాస్త్రవేత్తల లెక్క, వాటి పోలికలు అంతగా కలవడానికి కారణం అదే. కవల పిల్లల్ని ఎత్తు కొలిచి ఎవరు ఎవరో చెప్పగలమా? 102 దగ్గర బ్యాండ్ వచ్చిందంటే ఆ బరువున్న ప్రొటీన్ ఏదో అక్కడ ఉందని అర్థం, అది రెండో రకమే అని ఆ సైజు నీకు చెప్పలేదు.

నువ్వు పెట్టిన మెదడు శాంపిలే నిన్ను కాపాడింది. మెదడులో ప్రధానంగా ఉండేది ఒకటో రకం. రెండో రకం ఎక్కువగా కనబడేది నడకకీ బరువులు ఎత్తడానికీ వాడే కండరాల్లో, కొవ్వు కణాల్లో, తర్వాత చాలా రకాల క్యాన్సర్ కణాల్లో. మరి రెండో రకాన్ని మాత్రమే పట్టాల్సిన యాంటీబాడీ మెదడులో అంత గట్టిగా పడుతోందంటే అది ఒకటో రకాన్ని కూడా అంటుకుంటోందేమో అని ముందుగా అనుమానించాలి. నీ ప్రాజెక్టులో ఇది చిన్న విషయం కాదు. మామూలు కాలేయ కణాల్లో గ్లూకోకైనేజ్ పని చేస్తుంది, క్యాన్సర్‌గా మారినప్పుడు అది తగ్గి రెండో రకం పైకొస్తుంది, ఆ మార్పునే కదా నువ్వు కొలవాలనుకుంటున్నావు. నీ యాంటీబాడీ రెండు రకాలనీ కలిపి చూపిస్తే రెండో రకం ఎంత పెరిగినా ఒకటో రకం బ్యాండ్ కింద ఆ తేడా మునిగిపోతుంది, లేదా లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది.

ఇక ఆ 50 దగ్గర బ్యాండ్. నీ ప్రైమరీ యాంటీబాడీ, అంటే ఎంజైమ్‌ని నేరుగా పట్టేది, ఎలుకలో తయారైందో కుందేలులో తయారైందో రాయలేదు. ఎలుకదైతే చిక్కుంది. నీ శాంపిల్ కూడా ఎలుక కణజాలమే, అందులో దాని రక్తంతో పాటు దాని సొంత యాంటీబాడీలు కూడా ఉంటాయి, ప్రైమరీని పట్టి చూపించడానికి వేసే నీ సెకండరీ యాంటీబాడీ వాటిని కూడా పట్టేస్తుంది. యాంటీబాడీలోని బరువైన గొలుసు (హెవీ చెయిన్) సరిగ్గా 50 దగ్గరే పడుతుంది. తేల్చుకోవడం తేలిక: ప్రైమరీ లేకుండా ఒట్టి సెకండరీ మాత్రమే వేసి ఒక స్ట్రిప్ చెయ్యి, అప్పుడూ 50 దగ్గర గీత వస్తే దానికీ హెక్సోకైనేజ్‌కీ సంబంధం లేదు. రాకపోతే శాంపిల్ ముక్కలవుతోందేమో చూడు, కణాలు పగలగొట్టేటప్పుడు ప్రొటీన్లు తెగిపోకుండా కాపాడే ప్రొటియేజ్ ఇన్హిబిటర్ వేశావా, ఐస్ మీదే ఉంచావా అన్నది గుర్తు చేసుకో.

అసలు పరీక్ష మాత్రం ఒకటే. నీ కణాల్లోనే హెక్సోకైనేజ్ 2 జన్యువుని, దాని పనిని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అయిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో అణచివేసి, లేదా జన్యువుల్ని కత్తిరించే పద్ధతి అయిన క్రిస్పర్‌తో తీసేసిన కణాలు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకుని, మామూలు కణాల పక్కనే అదే జెల్‌లో నడిపి చూడు. బ్యాండ్ తగ్గాలి, జన్యువు లేని కణాల్లో అయితే పూర్తిగా పోవాలి. పోకపోతే ఆ వయల్ ఎంత పేరున్న కంపెనీదైనా, ఎన్ని పేపర్లలో వాడినా నీకు పనికిరాదు. దానితో పాటు తొడ కండరం, మెదడు, మామూలు కాలేయం మూడూ పక్కపక్క లేన్లలో పెట్టు. డేటాషీట్‌లో ఏ ముక్కని చూపించి ఈ యాంటీబాడీ తయారుచేశారో రాసి ఉంటుంది, ఆ ముక్కలోని అమైనో ఆమ్లాల వరుసని ఒకటో రకం వరుసతో పోల్చి చూడు. పది నిమిషాల పని, చాలామంది ఇది కూడా చెయ్యరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను ఇదే గోతిలో పడ్డాను. అప్పట్లో మాకు ఫొటో తీసే మెషీన్ లేదు, చీకటి గదిలో ఎర్ర లైటు కింద ఎక్స్-రే ఫిల్మ్ మీదే చూసుకునేవాళ్లం. డెవలపర్ ట్రేలో ఫిల్మ్ వేసి అటూ ఇటూ ఊపుతుంటే ముందు ఏమీ ఉండదు, తర్వాత పొగలాగా ఒక గీత మొదలై నల్లగా తేలుతుంది, ఆ గీత తేలుతున్నప్పుడు కలిగే సంతోషం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నాలుగు నెలలు ప్రతి వారం ఆ గీత చూసి సంతోషపడ్డాను. అయిదో నెలలో జన్యువుని అణచిన కణాలతో మొదటిసారి బ్లాట్ చేశాను. రెండు లేన్లలోనూ అదే గీత, అంతే నలుపు. ఫిల్మ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టి మళ్లీ చూశాను, తేడా లేదు. ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే జన్యువు బాగానే అణిగింది, గీతే మాది కాదు. నాలుగు నెలల ఫిల్ములన్నీ ఒక కవర్లో పెట్టేసి మొదట్నుంచి మొదలుపెట్టాను. ఆ పరీక్ష మొదటి వారంలోనే చేసి ఉంటే ఆ నాలుగు నెలలూ నాకు మిగిలేవి.

ఇది నీకో నాకో మాత్రమే ఎదురైన సంగతి కాదు. మాంట్రియల్ కేంద్రంగా ఒక బృందం 65 ప్రొటీన్లకి మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలని తీసుకుని, ఆ ప్రొటీన్ జన్యువు తీసేసిన కణాలతో పక్కపక్కన పెట్టి పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించింది. పట్టాల్సినదాన్ని పట్టనివి చాలానే తేలాయి, వాటితో అప్పటికే పేపర్లు కూడా అచ్చయిపోయాయి. కొన్ని కంపెనీలు ఆ ఫలితాలు చూసి తమ సరుకు వెనక్కి తీసుకున్నాయి, కొన్ని ఏ పనికి వాడాలన్న సూచన మార్చుకున్నాయి. కాబట్టి మీ సీనియర్‌కి మర్యాదగానే చెప్పు, "అన్నా, ఒక్క నాక్‌డౌన్ చేసి చూపిస్తాను" అని, అంటే ఆ జన్యువుని అణిచి చేసే పరీక్ష. వాదించేకంటే ఆ బ్లాట్ చూపించడం మేలు.

ప్రశ్న: వెస్టర్న్ బ్లాట్ అంటారు కదా, పడమరకీ ప్రొటీన్‌కీ ఏంటి సంబంధం? - ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: సంబంధం లేదు. 1975లో ఎడ్విన్ సదరన్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏని జెల్ నుంచి పొర మీదికి దించే పద్ధతి చెప్పారు, ఆయన ఇంటిపేరుతో అది సదరన్ బ్లాట్ అయింది. ఆర్‌ఎన్‌ఏకి అదే పని చేసినప్పుడు సరదాగా నార్తర్న్ అన్నారు. ప్రొటీన్లని అలా దించడం 1979లో హ్యారీ టోబిన్ బృందం ప్రచురించింది, ఆ పద్ధతికి వెస్టర్న్ అన్న పేరు 1981లో నీల్ బర్నెట్ పెట్టారు, ఆయన అప్పుడు అమెరికా పడమటి తీరంలో సియాటిల్‌లో పనిచేసేవారు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అబ్బాయి హైదరాబాద్‌లో మీరు రాసిన ఆ చక్కెర ఎంజైమ్ మీదే రీసెర్చ్ చేస్తున్నాడు. చిటికెన వేలంత సీసా ఒకటి రావాలని మూడు వారాల్నుంచి ఎదురుచూస్తున్నాడు, పదుల వేల రూపాయలంట. అది రాకపోతే పని ఆగిపోయిందంటాడు, అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. అసలు అందులో ఏముంటుందమ్మా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చదివి మా అమ్మ గుర్తొచ్చింది, ఆమె కూడా నన్ను ఇదే అడిగేది.

ఆ సీసాలో ఉండేది చాలాసార్లు 100 మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. మూత తీసి చూస్తే అడుగున తడి తప్ప ఏమీ కనబడదు, అందుకే తీయడానికి ముందు చిన్న మెషీన్‌లో గిర్రున తిప్పి, మూతకి అంటుకున్నది కూడా కిందికి దించుకుంటారు. అందులో ఉండేవి యాంటీబాడీలు. మనకి జ్వరం వచ్చినప్పుడు ఆ క్రిమిని గుర్తుపట్టి అంటుకోడానికి ఒంట్లో తయారయ్యేవి ఉంటాయే, అవే. గర్భం వచ్చిందో లేదో చూసుకునే కార్డు మీద రెండు గీతలు పడతాయి కదా, కోవిడ్ కిట్ మీద పడేవి కూడా, ఆ గీతలు పడేది యాంటీబాడీల వల్లే. కార్డులో ఉన్న యాంటీబాడీ గర్భం హార్మోన్‌ని పట్టుకుంటుంది, మీ అబ్బాయి సీసాలో ఉన్నది చక్కెరని వాడుకునే ఎంజైమ్‌ని పట్టుకుంటుంది.

తయారుచేసేటప్పుడు ఆ ఎంజైమ్‌లో ఒక ముక్కని కుందేలుకో ఎలుకకో ఇంజెక్షన్ ఇస్తారు. దాని ఒళ్లు ఇదేదో బయటి వస్తువు అనుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. రక్తం తీసి అందులోంచి వాటిని వేరుచేస్తే ఒక రకం యాంటీబాడీ సరుకు వస్తుంది, కానీ ఆ జంతువు రక్తం అయిపోతే మళ్లీ అచ్చం అలాంటిది రాదు. 1975లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అనే ఇద్దరు యాంటీబాడీ తయారుచేసే కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపేశారు, అప్పట్నుంచి ఒకే రకం యాంటీబాడీని ఏళ్ల తరబడి తయారుచేసుకునే దారి పడింది. ఆ పనికి 1984లో నోబెల్ వచ్చింది. ఖరీదుకి కారణాలు చాలా ఉన్నాయి, చాలావరకు బయటి దేశాల నుంచి రావాలి, దారి పొడవునా చల్లగా ఉండాలి, పరీక్షలకి ఖర్చవుతుంది.

ఆలస్యం సంగతికొస్తే, ఒకసారి మాకు మే నెలలో పార్సెల్ శుక్రవారం ఊళ్లోకి చేరి సోమవారం దాకా గోదాములోనే ఉండిపోయింది, తెరిచేసరికి ఐస్ ప్యాక్‌లు నీళ్లయిపోయి అట్టపెట్టె అడుగు తడిసి ఉంది. నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ పారేయలేదు, యాంటీబాడీలు మనం అనుకున్నంత సున్నితమైనవి కావు. ముందు తెలిసిన శాంపిల్ మీద వాడి చూశాం, పని చేసింది. అలా జరిగినా బెంబేలెత్తొద్దనీ, పెట్టె తెరవగానే ఫొటో తీసి కంపెనీకి పంపమనీ మీవాడికి చెప్పండి. ఇంకో మాట, ఆ యాంటీబాడీ వేయడానికి ముందు పొర మీద ఖాళీ చోట్లు కప్పడానికి చాలా ల్యాబుల్లో కొవ్వు తీసిన పాలపొడి నీళ్లే వాడతారు, మన వంటింట్లో ఉండే పాలపొడి లాంటిదే. మీవాడు అన్నం తినేలా మాత్రం మీరే చూడాలి.

ప్రశ్న: మేడమ్, డైల్యూట్ చేసిన ప్రైమరీ పాడవకుండా సోడియం అజైడ్ వేసి దాచుకుని మళ్లీ వాడుతున్నాను. ఈమధ్య బ్యాండ్లు మసకబారుతున్నాయి. అజైడ్ వల్లేనా? - తిరుపతి

జవాబు: ప్రైమరీలో అజైడ్ ఉంటే ఫర్వాలేదు, కానీ తర్వాత బాగా కడగాలి. బ్యాండ్ కనబడేలా చేయడానికి సెకండరీకి తగిలించి ఉండే హెచ్ఆర్‌పీ ఎంజైమ్‌ని అజైడ్ పని చేయనివ్వదు, కాబట్టి సెకండరీ కలిపే బఫర్‌లోకి అది రానే కూడదు. అయినా ఎన్నోసారి వాడుతున్నారో రాయలేదు, అయిదారుసార్లు దాటి ఉంటే తప్పు అజైడ్‌ది కాకపోవచ్చు, యాంటీబాడీయే అయిపోయి ఉండొచ్చు, కొత్తది కలుపుకోండి. అజైడ్ విషం, గ్లవ్స్ లేకుండా పొడి ముట్టుకోవద్దు, యాసిడ్‌తో కలవనివ్వొద్దు.

ప్రశ్న: హెక్సోకైనేజ్ చేసేది గ్లూకోజ్‌కి ఒక ఫాస్ఫేట్ తగిలించడమే అని చదివాను. ఆ చిన్న పనికి ఇంత హడావుడి ఎందుకు మేడమ్? - డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: చిన్న పనే, కానీ కణం గుమ్మం దగ్గర జరిగే పని. గ్లూకోజ్ లోపలికి ఎలా వచ్చిందో అలాగే బయటికి పోగలదు. ఫాస్ఫేట్ తగిలిందంటే ఇక పోలేదు, ఇంట్లోకొచ్చిన ఆవుకి పలుపు వేసినట్టు. ఆ తర్వాతే దాన్ని విరగ్గొట్టి శక్తి తీసుకోవడం, నిల్వ చేసుకోవడం అన్నీ. ఇన్సులిన్ అందితే, వ్యాయామం చేస్తే కండరంలో రెండో రకం పెరుగుతుంది, అంటే తలుపు దగ్గర మనిషిని పెంచినట్టే.

ఆ ఫాస్ఫేట్ ఎక్కణ్నుంచి వస్తుంది? కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థం నుంచి. నువ్వు భీమవరం నుంచి రాశావు కాబట్టి ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. ఏటీపీని 1929లో ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒకరు మీ ఊళ్లోనే 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. అంతకుముందు 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి ఫాస్ఫరస్ కొలవడానికి ఒక రంగు పద్ధతి చెప్పారు, ఫాస్ఫేట్ ఎంత ఉంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్కే-సుబ్బారో మెథడ్ అని వస్తుంది చూడు, అదే. టెస్ట్ ట్యూబ్‌లో ఆ నీలం మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడు, మీ ఊరాయన చూసిన రంగు అది.

ప్రశ్న: మా అమ్మకి పెట్ స్కాన్ తీశారు. రిపోర్టులో రొమ్ములో గడ్డతో పాటు మెదడు, గుండె, మూత్రాశయం కూడా వెలిగినట్టు రాసి ఉంది. అక్కడికి కూడా పాకిందా? చక్కెర పూర్తిగా మానిపిస్తే గడ్డకి తిండి ఉండదని బంధువులు చెబుతున్నారు, నిజమేనా? - నిజామాబాద్

జవాబు: ముందు కొంచెం ఊపిరి తీసుకోండి. ఆ మూడు చోట్లా వెలుగు చాలావరకు అందరికీ ఉంటుంది. పెట్ స్కాన్‌కి ఇచ్చే మందు గ్లూకోజ్‌ లాంటిదే, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఉంటుంది. కణంలోకి వెళ్లగానే హెక్సోకైనేజ్ దాన్ని గ్లూకోజే అనుకుని ఫాస్ఫేట్ తగిలిస్తుంది, కానీ ఆ తర్వాతి మెట్టు అది ఎక్కలేదు, అక్కడే ఇరుక్కుపోతుంది. చక్కెర ఎక్కువ లాక్కునే చోట ఎక్కువ ఇరుక్కుంటుంది. మెదడు ఎప్పుడూ లాక్కుంటుంది, గుండె కూడా లాక్కోవచ్చు, మూత్రాశయంలోకి మిగిలిన మందు వచ్చి చేరుతుంది. ఆ ఫ్లోరిన్ దాదాపు 110 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది, అందుకే స్కాన్ టైమ్ విషయంలో అంత పట్టుదలగా ఉంటారు. రిపోర్టులో ఆ అవయవాల పక్కన ఏం రాశారో మీ డాక్టర్ గారినే సూటిగా అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు.

చక్కెర మానిపించడం గురించి: గాలి బాగా అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని విపరీతంగా వాడి లాక్టేట్‌గా మారుస్తాయని 1920లలోనే ఒట్టో వార్బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించారు, మీ బంధువుల మాట అక్కణ్నుంచే పుట్టింది. కానీ మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, గడ్డకి అందే చక్కెరని మనం పళ్లెంలోంచి తీసేయలేం. అన్నం మానిపిస్తే ముందు నీరసించేది మీ అమ్మ గారు, చికిత్స తట్టుకోడానికి ఆవిడకి బలం కావాలి. తియ్యటి పానీయాలూ స్వీట్లూ తగ్గించడం వేరు, కడుపు మాడ్చడం వేరు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మీరు రాసిన ఆ యాంటీబాడీతో నాకు చక్కెర ఎంజైమ్ ఎంత ఉందో పరీక్ష చేయించుకోవచ్చా? ఎక్కడ చేస్తారు? - గుంటూరు

జవాబు: మాస్టారూ, వద్దు, అలాంటి పరీక్ష మీకు అవసరం లేదు. ఆ సీసాల మీదే పరిశోధనకి మాత్రమే, రోగనిర్ధారణకి కాదు అని రాసి ఉంటుంది, ఆ మాట ఊరికే రాయరు. హెక్సోకైనేజ్ 2 చూడాలంటే మీ కండరం ముక్క తీయాలి, తీసి చూసినా ఆ ఫలితంతో మీ మాత్ర మార్చే డాక్టరు ఉండరు. ఎవరైనా డబ్బు తీసుకుని ఇలాంటి టెస్ట్ చేస్తామంటే నమ్మొద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ, కళ్లు, పాదాల పరీక్షలు టైముకి చేయించుకోండి, అవి చాలు.

అయితే ఈ ఎంజైమ్ మీకు పరాయిదేమీ కాదు. పెద్ద ల్యాబుల్లో రక్తంలో గ్లూకోజ్ కొలిచే మెషీన్లలో చాలావాటిలో వాడేది హెక్సోకైనేజ్‌నే. మీ రక్తంలోని గ్లూకోజ్‌కి అది ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఇంకో ఎంజైమ్ దాన్ని మరో మెట్టు ఎక్కిస్తుంది, అప్పుడు పుట్టే పదార్థం 340 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూసి మీ షుగర్ ఎంతో లెక్క కడతారు. ఫైల్లోంచి మీ పాత రిపోర్టు ఒకటి తీసి గ్లూకోజ్ అంకె కింద చిన్న అక్షరాల్లో చూడండి, చాలా రిపోర్టుల్లో 'మెథడ్: హెక్సోకైనేజ్' అని ఉంటుంది.